నెర్రెలు బారిన ఒడ్డు

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేనైతే పట్టిన. ఇంకా తెల్లారకముందే, సైకిళ్ల లైట్ల ఎలుగుల, నెత్తికి హెల్మెటు, ముఖానికి గుడ్డ ఉన్నా పట్టిన. ముఖాన్ని కాదు, దగ్గును. రెండుసార్లు పొడిగ దగ్గి, మూడోసారి దగ్గబోయి మింగేసుకునే దగ్గు. పత్తి సాళ్ల అవతలికెల్లి ఆ దగ్గు ఇనపడితే చాలు, పన్నెండు మంది పిల్లల నడుములు ఒక్కసారే వంగేటియి. ఇప్పుడు ఆ దగ్గు నా సైకిలు ఎనుక ఇరవై అడుగుల దూరంల వస్తున్నది, గేర్ల సైకిలు మీద, మోకాళ్లకు నల్ల పట్టీలు చుట్టుకొని, మెడల దుర్భిణి ఏసుకొని. అందరు కురుమూర్తి సార్ అంటున్నరు. సీడు కంపెనీకి చేండ్లను, కూలి పిల్లలను కుదిర్చే మనిషి, మేము ఆర్గనైజర్ అనేటోళ్లం, అదీ ఆయన ఇనపడనంత దూరంల ఉన్నప్పుడు. పదమూడేండ్లాయె. ఎంటికలు తెల్లబడ్డయి, పొట్ట లోపలికి పోయింది, గుండెల స్టెంటు ఏసిన్రంట, డాక్టరు సైకిలు తొక్కుమన్నడంట, బిడ్డ ఎంబడి తోలుకొచ్చింది. దగ్గు మాత్రం గట్లనే ఉన్నది. మనిషి ముసలోడైతడు గని దగ్గు ముసలిది కాదేమో.

ముంగట ఇసుక వచ్చింది. "మెల్లగ తొక్కుండ్రి, ఇసుకల బ్రేకు పట్టకుండ్రి" అని ఎనుకకు తిరిగి అరిచిన. అరిచింది నోరే, మనసు ఇంటికాడ ఉన్నది. కావ్య ఒళ్లు రాత్రంత కాలింది. పొద్దుగాల నాలుగింటికి ముట్టుకుంటే చెమట పట్టి చల్లగున్నది, గని చెవుల ఎనుక ఇంకా ఎచ్చగనే అనిపిచ్చింది, లేకుంటే నా చెయ్యే చల్లగున్నదో ఏమో. ఎన్నిసార్లు ముట్టుకున్న నేను? దవాఖానల నర్సమ్మ అననే అన్నది, నీకే జరం వచ్చేటట్టున్నది పిల్లా, బిడ్డను ఇడిసిపెట్టు అని. ఏడేండ్ల పిల్ల, ఒక్కతే బిడ్డ, ఎట్ల ఇడిసిపెడుదు. వాళ్ల నాయన ప్రేమ్ కుమార్ పట్నంల బిల్డింగుల పనికి పోయి మూడు నెలలాయె, ఫోన్ల తప్ప మనిషి లేడు. ఇంట్ల మాట మా అత్త దేవమ్మది. ఆ మాట ఈ పొద్దు ఏమైపోయిందో తల్సుకుంటె పెడలు మీద కాలు గట్టిగ పడుతున్నది.

ఆదివారం ఆదివారం ఇదే నా పని. వనపర్తిలుండే శ్రవణ్ కుమార్ సారు రెండేండ్ల కింద షురువు చేసిండు, పట్నం మనుషులను తోలుకొచ్చి జూరాల డ్యాము ఎనుక నీళ్ల పొంటి నాలుగు ఒడ్డు ఊర్లు సైకిలు మీద తిప్పి పిట్టలను చూపిచ్చుడు. పిట్ట పేరు ఆయన చెప్తడు, పిట్ట యాడుంటదో నేను చెప్త. నాకు పుస్తకం తెల్వదు, ఒడ్డు తెలుసు. ఎర్రకాళ్ల ఉల్లంకి ఏ గుంత కాడ నిలవడ్తదో, నీటికాకి ఏ ఎండిన తుమ్మ మీద రెక్కలు ఆరేసుకుంటదో, నత్తలేరుకొనే నా కాళ్లకు ఎరుక. ఇంకో పని గూడ నాదే. చలికాలం పోయినంక నీళ్లు వారం వారం ఎనుకకు జరుగుతయి. జరిగిన జాగల ఒండుమట్టి మిగులుతది. శనివారం పొద్దుమీకి వెదురుకట్టె వట్టుకొని పోయి ఒడ్డు పొంటి గుచ్చి గుచ్చి చూస్త, కట్టె దిగినకాడ ఎర్రగుడ్డ కట్టిన బొంగు పాత్త. గుడ్డ దాటొద్దు అని. ఊరి పిల్లలు గూడ ఆ గుడ్డలనే నమ్ముకొని నత్తలకు వస్తరు. కావ్య వస్తది. అమ్మ పెట్టిన గుడ్డ అని దాన్ని ముట్టి, మొక్కినట్టు చేసి, ఎనుకకు ఉరుకుతది.

ఎర్రగుడ్డ కంటె ముందు నా చేతుల ఎర్రకాయితం ఉండె. ఎనిమిదో తరగతి, మల్దకల్ అవతల మా తల్లిగారూరు. వానాకాలం నడిమిట్ల బడి గోడకాడికి జీపు వచ్చేది. ఆర్గనైజర్ చేతుల ఒక కట్టె, దానికి చాకుతోని కోసిన గాటు. వచ్చి నిలవడు పిల్లా, అనేటోడు. గాటు కింద నెత్తి ఉంటె జీపెక్కాలె. గాటు దాటితె ఒద్దు, పొడుగు పిల్ల వంగితె కొమ్మలు ఇరుగుతయంట, నడుము నొస్తదని సతాయిస్తదంట. నేను గాటుకు రెండు ఏళ్ల కిందికి ఉంటి. మా తరగతి యాదమ్మ గాటు దాటింది, అది ఏడ్చింది దాన్ని తీస్కపోలేదని. ఇప్పుడు అది టీచరమ్మ. నేను నవ్విన ఆ రోజు. జీపెక్కిన, పొట్టీ అన్నరు, నవ్విన. సీడు పత్తిల క్రాసింగు అంటె ఏందో తెల్వనోళ్లకు ఏం చెప్పాలె. పొద్దుమీకి, తెల్లారి ఇచ్చుకునే మొగ్గను పట్టి, బొటనేలి గోరుతోని తొక్క ఒలిచి, లోపలి మగ పొడిని పొరతోని సహా తీసేసి, నడుమ సూదంత ఆడముక్క ఇరగకుండ ఇడిసిపెట్టి, గుర్తుకు ఎర్రకాయితం చుట్టాలె. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రాయాలె. ఒక్క చెట్టు కాదు, ఒక్క సాలు కాదు. గోరు కోసుకొని పోతె ఆర్గనైజర్ తిట్టేది, గోరు పెంచుకొని పోతె బడిల సారు స్కేలుతోని కొట్టేది. ఆఖరుకు గోరే గెలిచింది. ఇప్పటికి నా కుడి బొటనేలి గోరు వంకరగనే పెరుగుతది, హ్యాండిలు పట్టుకుంటె రబ్బరుకు గుచ్చుకుంటది, ఇగో ఇప్పుడు గుచ్చుకుంటున్నట్టు.

బడి పోతది సార్ అన్న ఒక రోజు, భయపడుకుంట. ఆయన నవ్విండు. "యాడికి పోతది బడి? గోడలున్నయి గద. మీ సారుకు నేను చెప్త. దీపావళి దాంక చెయ్యి, హాజరు పోకుంట సూసే పూచి నాది." నేను నమ్మిన. నమ్ముడు అంటె గట్టిట్ల కాదు, పండుకునే ముందు తల్సుకొని నిద్రపోయేటంత నమ్మిన. సాలు అయ్యే దాంక నడుము ఎత్తొద్దు అంటె ఎత్తకపోతి. పక్క సాలుకు మందు కొడుతుంటె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని చేసిన. దీపావళి అయినంక చిక్కటి రెండు జడలు ఏసుకొని బడికి పోతె, రిజిస్టరుల నా పేరు మీద గీత ఉన్నది. ఎవరు చెప్పలేదు పిల్లా నాకు, అన్నడు బడిసారు. పాపం ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. గీత సక్కగ ఉండె, స్కేలు పెట్టి కొట్టిన గీత. ఆ జీపుల ముందు సీటుల ఒక పిల్ల కూసునేది, నా ఈడుదే, నీలిరంగు డ్రస్సు, మెడల టై, కాళ్లకు నల్లబూట్లు. మమ్ములను చేను కాడ దింపి, జీపు అటుకెల్లి అటే ఆ పిల్లను గద్వాల్ బడికి తీస్కపోయేది. ఒకసారి అద్దం దించి నాకు బిస్కటు ఇచ్చింది. ఆ పిల్ల గూడ ఇప్పుడు నా ఎనుకనే సైకిలు తొక్కుతున్నది. ఆయన బిడ్డ, సుహాసిని మేడం. పొద్దుగాల కావ్య నుదురు ముట్టి చూసి, జరం తగ్గింది, భయపడకు అన్నది. డాక్టరంట. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూసిన, రాలేదు. వచ్చినదంత ఆయన మీదనే వచ్చింది.

రాదా మరి. పది నిమిషాల కిందటి సంగతే గద. మా ఇల్లే చాయ్ మకాం. మా అత్త జొన్నరొట్టెలు, పల్లికారం చేసి పెడ్తది, సార్లు మేడములు అరుగు మీద కూసోని ఫోటోలు దింపుకుంట తింటరు. కావ్య దుప్పటి కప్పుకొని గడప కాడికి వచ్చి నిలవడ్డది. ఆయన రొట్టె నమలుకుంట దాని దిక్కు చూసిండు. లేచిండు. లేచి పోయి దాని నెత్తి మీద చెయ్యి అడ్డంగ పెట్టి, ఆ చెయ్యిని గట్లనే తన ఛాతీ దాంక తెచ్చుకున్నడు. ఎవలకూ ఏమనిపియ్యలేదు, ముసలాయన పిల్లను ముద్దు చేస్తుండు అనుకున్నరు. నేను చాయ్ కప్పు చేతుల పట్టుకొని ఆ చెయ్యినే చూసిన. "ఇంకో రెండేండ్లయితె సరిపోతది" అన్నడు. మా అత్త నవ్వింది. "దేనికి పటేలా?" అన్నది. "క్రాసింగుకే. వచ్చే వానకాలం ఈ ఒడ్డు ఊర్లల్ల గూడ సీడు పెట్టిస్తున్న. పిల్లలు కావాలె." మా అత్తకు ఏం తెలుసు, ఆమె ఏనాడు పత్తి చేన్ల అడుగు పెట్టలేదు, నీళ్ల పొంటి బతికిన మనిషి. "పంపుత తియ్యి, సెలవులల్ల ఇంట్ల ఉండి ఏం చేస్తది" అన్నది. ఆయన దగ్గిండు. రెండుసార్లు. నా నడుము, దేవుని సాక్షిగ చెప్తున్న, నన్నడగకుండనే వంగింది. చాయ్ కప్పు కింద పెట్టనీకె వంగినట్టు చేసుకున్న. ఎవలు చూడలేదు. నేను చూసిన. అదే ఓర్సుకోలేకపోతున్న. ఆయన అన్నది గాదు, నేను వంగింది.

మా పాస్టరమ్మ చెప్తది, పగను దేవునికి ఇడిసిపెట్టాలె బిడ్డా అని. ఇడిసిపెట్టిన, పదమూడేండ్లు. దేవునికి చాన పనులుంటయి. ఈ ఆదివారం నేను ప్రార్థనకు పోకముందే ఆ ఆర్గనైజరే నా కాడికి వచ్చిండు, సైకిలు తొక్కుకుంట. దీన్ని ఏమనుకోవాలె.

కట్ట వచ్చింది. నీళ్లు ఇంకా చీకటి రంగుల ఉన్నయి, తూర్పు దిక్కు మాత్రం ఇత్తడి గిన్నె తోమినట్టు మెరుస్తున్నది. నెత్తి మీద రెండు నల్లగీతలున్న బాతులు నాలుగైదు వందలు, మంచుకొండలు దాటి వస్తయంట, ఇంకో వారానికి ఎల్లిపోతయి. శ్రవణ్ సారు మూడుకాళ్ల దుర్భిణి నిలవెట్టిండు, అందరు వరుస కట్టిన్రు. నేను అలవాటు ప్రకారం సైకిలు నడిపిచ్చుకుంట ఒడ్డుకు దిగిన, బొంగులు నిలవున్నయా లేదా చూడనీకె. ఒక తీతువ లేచింది. గుడ్లున్నయి కావచ్చు, ఒక రెక్క ఇరిగినట్టు నేల మీద ఈడ్సుకుంట, కుంటుకుంట, నన్ను దూరం గుంజుకపోతున్నది. కుక్కలను గూడ గట్లనే తీస్కపోతది. మూడో బొంగు కాడ ఆగిన. నిన్న ఈడ గుచ్చితె వెదురుకట్టె మోకాలు దాటి దిగి, కింద గట్టి తగిలింది. సచ్చేంత లోతు కాదు. అది తెలిసే చేసిన్నా? ఏమో. బొంగు పీకిన. సైకిలు ఎనుక క్యారేజికి పెట్టి రబ్బరుపట్టీ ఏసిన. గుడ్డ లేని ఒడ్డు సక్కగ, ఎక్కడికక్కడ నెర్రెలు బారి, కాల్చిన రొట్టె లెక్క ఉన్నది.

అడుగుల సప్పుడు. ఆయనే. వరుసల నిలవడే మనిషి కాదు ఏనాడు.

"ఏమ్మా, అటు పోతె దగ్గెర కనవడ్తయా?"

నేను నోరు తెరిచిన. చెప్పనీకేనేమో, నిజంగ చెప్పనీకేనేమో. ఆయన చెయ్యి అడ్డం తిప్పిండు. వంగి ఒక మట్టిపెళ్ల తీసి రెండు ఏళ్ల నడుమ ఇరిచి, పొడి రాలుతుంటె చూసిండు. "గింత నెర్రెలిచ్చిన భూమి. ఎడ్లబండి తోలినా దిగదు. నలభై ఏండ్లు నల్లరేగడి చేసినోన్ని, నాకు చెప్తవా భూమి సంగతి" అన్నడు. నిజమే, రేగడి గట్లనే ఉంటది. నెర్రె ఇచ్చిందంటె మనిషి పోవచ్చు, ఎద్దు పోవచ్చు. ఒండు గట్ల కాదు. ఒండు పైన నెర్రెలిస్తది, లోపల నీళ్లు తాగుకుంట ఉంటది. మెట్టపొలాల మనుషులు అందరు చేసే తప్పే, నేను కొత్తకోడలుగ వచ్చినప్పుడు నేనూ చేసిన, మా అత్త జుట్టు పట్టి గుంజింది. నా నోరు మూతపడ్డది. ఆయన ఆనాడు మా బడిసారుకు చెప్పలేదు. నేను ఈనాడు ఆయనకు చెప్పలేదు. 

ఒక అడుగు. రెండు. ఫోను ముంగటికి పట్టుకొని బాతుల దిక్కు నాలుగో అడుగు ఏసిండు, పెళ్ల పెంకు లెక్క పగిలింది, కాలు పోయింది, ఆ కాలును గుంజబోయి రెండోదాని మీద బరువు ఏసిండు, అదీ పోయింది. సప్పుడు గూడ పెద్దగ రాలేదు. ఫోను మట్టిల బోర్ల పడ్డది.

"ఏమ్మా! చెయ్యియ్యి! పట్టు!"

"అరవకుండ్రి సార్. పిట్టలు లేస్తయి."

"పిట్టల మొకం మన్నువడ! దిగవడ్తున్న!"

"కదిలితె దిగుతరు. కదలకుండ్రి."

కట్ట మీద అందరి ఈపులు ఇటు ఉన్నయి. నేను ఆయన ముంగట, గట్టినేల మీద నిలవడ్డ. చూసిన. మోకాళ్లు లేవు, తొడలల్ల సగం లేవు. మనిషి పొట్టిగైండు. నెత్తి నా ఛాతీ కాడికి వచ్చింది. పొద్దుగాల ఆయన అడ్డంగ తెచ్చి పెట్టుకున్న చెయ్యి యాదికొచ్చింది, నా చెయ్యి నాకు తెల్వకుండనే లేచి ఆయన హెల్మెటు ఎత్తుకు గాలిల అడ్డంగ నిలవడ్డది, నడుమ మూడు గజాల ఒండు. కావ్య అంతున్నడు. ఇంకో రెండేండ్లు అక్కర్లేదు, ఇప్పుడే సరిపోయిండు. ఎంత సల్లగయ్యిందో కడుపుల, చెప్పలేను. ఆగు, ఇట్లనే ఆగు, ఎండ ఎక్కేదాంక ఆగు అనిపిచ్చింది. గని ఆయన చెయ్యి ఛాతీకి పోయింది. ముఖం బూడిదరంగయ్యింది. స్టెంటు. ఈ మనిషి ఈడ సస్తె? పోలీసులు, బొంగు, క్యారేజి, జరం ఉన్న బిడ్డ, పట్నంల మొగడు, గడప కాడ దుప్పటి కప్పుకొని నిలవడ్డ ఆ పిల్ల ఎవల చేతులకు పోతది? మా అత్త చేతులకు. అటుకెల్లి జీపుకు. నేను పగ తీర్చుకొని నా బిడ్డనే జీపెక్కిస్తున్ననా?

"వంగుండ్రి" అన్న.

"వంగితె మునుగుత గదనే!"

"మునగరు. బోర్ల పడుండ్రి, చేతులు ముంగటికి చాపుండ్రి, కడుపు మీద పాకుండ్రి." క్యారేజికెల్లి బొంగు తీసి దాని కొన ఆయన దిక్కు పెట్టిన. "నడుము ఎత్తొద్దు. సాలు అయ్యే దాంక నడుము ఎత్తొద్దు."

బొంగు పట్టుకున్న చెయ్యి ఆగింది. ముఖం ఎత్తి చూసిండు నన్ను, మొదటిసారి చూసిండు. మళ్ల వంగిండు. పాకిండు. తెల్ల చొక్కా, మోకాలి పట్టీలు, దుర్భిణి, అంత ఒండుల ఈడ్సుకుంట, రొప్పుకుంట, మూడు గజాల సాలు. ఎత్తబోయినప్పుడల్ల నేను ఎత్తొద్దు అన్న. నాలుగుసార్లు అన్న. రెండుసార్లు అంటె సరిపోతుండె, ఆ మాట నాకు తెలుసు, ఎక్కువ అన్న ఆ రెండు నా కోసం అన్న.

గట్టినేల మీద ఎల్లకిల పడి ఊపిరి తీసుకున్నడు. రంగు తిరిగి వచ్చింది. "నువ్వు మల్దకల్ దిక్కు పిల్లవు కదా. పొట్టివి."

"రోజా."

"ఆఁ, ఏడో సాలు. మస్తు చెయ్యి నీది, ఒక్క పూత ఇరగకపోతుండె" అని, నవ్వబోయిండు గూడ.

"మా బడిసారుకు చెప్తనంటిరి. చెప్పిన్రా సార్?"

కండ్లు చిన్నగ చేసి ఎతికిండు, నిజంగనే ఎతికిండు, దొంగతనం లేదు ఆ ముఖంల. "ఏ బడి?" అన్నడు.

ఏ బడి. నా చెయ్యి యాదికున్నది, నేను నిలవడ్డ సాలు యాదికున్నది, పూత ఇరగనిది యాదికున్నది. బడి లేదు. ఆయన మర్సిపోయింది కాదు, ఏనాడు లోపటికి పోనే పోలేదు. ఇన్నేండ్లు నేను రాత్రిళ్లు ఆయనతోని కొట్లాడిన, ఎందుకు చెప్పలేదు అని గల్ల పట్టి అడిగిన, ఆయన తలకాయ దించుకున్నడు, నా మనసుల. బురదల కెల్లి పాకిపిచ్చిన గని ఆ తలకాయ దించిపిచ్చలేకపోయిన. వంగుడు వేరు, తల దించుడు వేరు.

ఉరుక్కుంట వచ్చిన్రు. శ్రవణ్ సారు ముఖం తెల్లబడ్డది. సుహాసిని మేడం తండ్రి పక్కన కూలబడి నాడి పట్టి, గుండె మీద చెవి పెట్టి, సీసల నీళ్లతోని ఆయన ముఖం కడుగుతున్నది. "నాన్నా, బాగనే ఉన్నవ్, మెల్లగ ఊపిరి తీసుకో. రోజా, ఇక్కడ ఎర్రగుడ్డ ఉంటదన్నవ్ కదా, లేకుండెనా?"

బొంగు నా చేతులనే ఉన్నది, గుడ్డతోని సహా. ఆయన దాన్ని చూసిండు. నన్ను చూసిండు. అర్థమయ్యింది ఆయనకు, భూమి సంగతి గాదు, నా సంగతి. పెదవులు తుడుసుకొని, "ఉండె తియ్యమ్మా, నేనే సూసుకోలేదు" అన్నడు, నా దిక్కు ఒక కన్ను ఆర్పినట్టు చేసి. కాపాడిండు నన్ను. మీ సారుకు నేను చెప్త అన్న గొంతే. అదే నవ్వు. ఆ పూచి నేను మళ్ల నెత్తిన పెట్టుకోవాలెనా? పెట్టుకుంటె నా పని నిలుస్తది, ఆదివారాలు నిలుస్తయి, వానకాలం ఆయన జీపు మా ఇంటి ముంగట ఆగితె నాకు నోరుండదు.

"లేకుండె మేడం" అన్న. "నేనే పీకిన. ఈయన దిగుతడని ఎరికుండే పీకిన."

మేడం చేతుల సీస కింద పెట్టింది.

"ఎందుకు?" అన్నది మేడం, చానా మెల్లగ.

"నాకు బిస్కటు ఇచ్చిన్రు మీరు ఒకసారి, జీపుల కెల్లి. బడికి పోకుంట చేనుకాడ దిగిన పిల్లను. ఎందుకో మీ నాయిననే అడుగుండ్రి. పొద్దుగాల నా బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఏం కొలిచిండో అడుగుండ్రి."

శ్రవణ్ సారు ఏదో అనబోయిండు, వచ్చే ఆదివారం సంగతే కావచ్చు. నేను ఆగలేదు. మూడో బొంగు గుంత ఇంకా పూడలేదు, మూతి తెరుసుకొనే ఉన్నది. జరం తగ్గిందంటె కావ్య రేపు బడి ఇడిసినంక నత్తలకు వస్తది, గుడ్డను ముట్టి ఎనుకకు ఉరకాలె గద. ఆ గుంతలనే బొంగు నిలవెట్టి, రెండు చేతులతోని, నిలవడే, బరువంత ఏసి దించిన. ఎనుక మేడం అడుగుతున్నది. నాన్నా, ఏం కొలిచినవ్? మళ్ల అడిగింది. మూడోసారి అడిగినప్పుడు ఆమె గొంతు మారింది, బిడ్డ గొంతు కాదు అది.

ఆయన దగ్గిండు. రెండుసార్లు దగ్గి, మూడోది మింగిండు.

నా నడుము వంగలేదు.